లైబ్రరీ కిటికీలో మూడో గీత

"నీకెప్పట్నుంచి తెల్సక్కా?" అని అడిగాడు మా లైబ్రరీ సారు, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి.

"మొదటి వారం నుంచే తెల్సు సార్" అన్నాను.

ఆయన రెండో కాలు కూడా పైన పెట్టాడు. కండక్టరు తలుపు లాగాడు. బళ్ళారి బస్సు కాలువ గట్టు దిగి పోయింది. మా ఇద్దరి మధ్య మాటలు అంతటితో సరి. ఆ తరువాత ఆయన నాతో మాట్లాడలేదు, నేనూ ఆయనతో మాట్లాడలేదు.

నాకు తెలిసింది ఏమిటో, తెలిసి కూడా నోరెందుకు మూసుకున్నానో చెబుతాను. లైబ్రరీ పనిలో కొత్తగా చేరే పిల్లల కోసం పాతవాళ్ళ అనుభవాలు పోగుచేసి పుస్తకం వేస్తున్నారట. మా చెల్లెలి కూతురు బడిలో టీచరు. "పెద్దమ్మా, నువ్వు సెప్పు, నేను రాస్తా" అని కూర్చుంది. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు మీద మా ఊరి పేరు గుర్తుపడతాను. నేను చెప్పేదాన్ని ఈ పిల్ల పుస్తకం భాషలోకి సర్దుతోంది. సర్దనీ. లేనిది మాత్రం చేర్చొద్దని చెప్పాను.

మాది బళ్ళారి జిల్లాలో, హచ్చొళ్ళి వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. మా లైబ్రరీ అంటే ఒకే ఒక్క గది, అదీ కాలువ గట్టు మీద. కాలువ తవ్వే రోజుల్లో సిమెంటు బస్తాలు తడవకుండా కట్టిన గది అది. సిమెంటు అయిపోయింది, గది మిగిలింది, పంచాయతీవాళ్ళు అందులో పుస్తకాలు పెట్టారు. ముందు తలుపు, వెనక కిటికీ. కిటికీలోంచి చూస్తే ఎదురుగా తూము. తూము గోడకు తెల్లరంగు పూసి, దాని మీద నల్లగీతలు గీసి ఉంటారు. ఎన్ని గీతలు మునిగితే కాలువలో అన్ని నీళ్ళు. మూడో గీత మునిగితే ఆయకట్టు చివరి మడి దాకా నీళ్ళు పోతాయి. మునగకపోతే పైనున్న ఊళ్ళతోనే సరి.

అక్షరాలు రావు గాని ఆ గీతలు చదవడం నాకు బాగా వచ్చు. మా ఆయన నీరుగంటి. తూములు ఎత్తి దించి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు పోవాలో చూసే పని ఆయనది. ఆ తూము దగ్గరే పాము కరిచి పోయాడు. తరువాత పంచాయతీవాళ్ళు నాకు లైబ్రరీలో ఊడ్చే పని ఇచ్చారు. ఊడ్చడం, కుండలో నీళ్ళు పొయ్యడం, పేపర్లు మడవడం, కొత్త పుస్తకాలకు ముద్ర కొట్టడం. అక్షరం రానిదానికి లైబ్రరీలో ఏం పని అని ఊళ్ళో కొందరు నవ్వారు. దుమ్ము దులపడానికి అక్షరం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మా సారు నాకంటే చిన్నవాడు. పొట్టి మనిషి. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. కన్నడం, తెలుగు రెండూ గట్టిగా చదివినవాడు. పుస్తకం తెరవబోయే ముందు చేతులు కడుక్కునేవాడు. అంత మర్యాదగా తెరిచి కూర్చున్నా వచ్చేది ఇద్దరే. ఒకాయన రిటైరైన పోస్ట్‌మాను, పేపర్లో ఎవరెవరు పోయారో చూసుకుని, తను లేనందుకు తృప్తిపడి వెళ్ళేవాడు. రెండో ఆయన ఫ్యాను కింద నిద్రపోవడానికి వచ్చేవాడు. ఊరంతా పొలాల్లో ఉంటుంది. నాట్ల కాలంలో పుస్తకం చదువుదాం రా అంటే కొడతారు.

అట్లాంటప్పుడు పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. సారు నాకు చదివి వినిపించాడు. ఇకమీద ప్రతి లైబ్రరీకి సెల్లులో ఒక పేజీ ఉండాలట. జనం మన దగ్గరికి రాకపోతే మనమే జనం ఉన్న చోటికి పోవాలట, జనమంతా సెల్లులో ఉన్నారట. రోజూ తెరిచిన వెంటనే, పది గంటలకు, చదువుకుంటున్న మనిషి ఫోటో తీసి ఆ పేజీలో పెట్టాలి. ఫోటో మీద తేదీ, టైము, ఊరు అచ్చుపడాలి. జనం ఎంతమంది చూశారు, ఎంతమంది మెచ్చుకున్నారు అని లెక్క చూస్తారు. ఆరు నెలలు చూసి, మెచ్చుకోలు లేని లైబ్రరీలను ఎత్తేసి పెద్ద ఊళ్ళ లైబ్రరీలలో కలిపేస్తారు.

కలిపేస్తే మా పుస్తకాలు ట్రాక్టరులో పోతాయి. సారు ఎక్కడికో పోతాడు. పెద్ద ఊళ్ళో ఊడ్చేదానికి వేరే ఆమె ఉంది, కాబట్టి నేను ఇంటికి పోతాను. మా గది ఎరువుల బస్తాలకు పోతుంది. పంచాయతీలో ఒకాయన అప్పటికే వచ్చి అడుగులతో గది కొలుచుకుని పోయాడు.

"అక్కా, పది గంటలకు ఒక మనిషి కావల్ల. రోజూ ఒక కొత్త మనిషి" అన్నాడు సారు.

ఆ మనిషిని పట్టుకొచ్చే పని నాదైంది. కొడవలి చేత్తో పట్టుకుని గట్టు మీద పోయేవాళ్ళనూ, బస్సు కోసం నిలబడినవాళ్ళనూ చెయ్యి పట్టి లాక్కొచ్చేదాన్ని. మాంసం కొట్టాయన వచ్చాడు, చేతులు కడుక్కోమంటే, ఇప్పుడు కడుక్కుంటే మళ్ళీ పోయి కోయాలి కదా, రెండు సార్లు కడగను అన్నాడు. సారు ఆయన చేతులకు పేపరు చుట్టి పుస్తకం పెట్టాడు. ఆకుకూరల ముసలమ్మ పుస్తకాన్ని కళ్ళకు అద్దుకుని, కళ్ళు మూసుకుని అట్లాగే ఉండిపోయింది. ఎంత బతిమాలినా తెరవలేదు. "చదివినదాన్ని మనసులో నెమరు వేసుకుంటున్న పాఠకురాలు" అని కింద రాశాడు సారు. ఫోటో పక్కన ఆ రోజు పుస్తకం గురించి కన్నడంలో నాలుగు వరుసలు, తెలుగులో నాలుగు వరుసలు రాసేవాడు. పొద్దున్నే వచ్చి, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, నాకు చదివి వినిపించి, అప్పుడు పెట్టేవాడు.

మొదటి నాలుగు రోజులు బొటనవేళ్ళు మూడే పడ్డాయి. బొటనవేలంటే మెచ్చుకోలు గుర్తు. ఒకటి సారు భార్యది, ఒకటి బామ్మరిదిది, ఒకటి సారుదే. అయిదోరోజు ఉన్నట్టుండి నలభై దాటాయి. సారు సెల్లును చొక్కాకు తుడిచి మళ్ళీ చూశాడు. ఆ రోజు రాసిన నాలుగు వరుసలను మళ్ళీ పైకి చదివాడు. ఇందులో ఏమి అంత నచ్చిందో అని ఆ వరుసల్లోనే వెతుక్కున్నాడు పాపం.

ఎందుకు నచ్చిందో నాకు సాయంత్రానికి తెలిసింది. మా తమ్ముడిది కాలువ చివరి ఊరు. వాడు ఫోను చేశాడు.

"అక్కా, మీ లైబ్రరీ పోటో సూస్తాండాము. బాగుండాది. రేపు కుర్చీ స్వల్ప ఎడమకు జరుపు" అన్నాడు.

"నీకు లైబ్రరీ ఏంది రా, నువ్వెప్పుడు చదివినావు?"

"చదివేది యాడ. ఆ ముసలామె తలకాయ ఎనక మూడో గీత కనపడల్యా. మునిగిందో లేదో తెలీక ఈడ పదిమంది కొట్లాడతాండారు."

నేను అప్పుడు పోయి కుర్చీలో కూర్చునే మనిషి వెనక ఏముంటుందో చూశాను. కిటికీ. కిటికీలో తూము. తూము మీద గీతలు. ఫోటో మీద తేదీ, టైము, సర్కారు ముద్ర లాగా. అంతవరకూ చివరి ఊళ్ళవాళ్ళు నీళ్ళు వదిలారా లేదా అని తెలుసుకోవడానికి బండి వేసుకుని మా ఊరిదాకా వచ్చి చూసుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు మంచం మీద కూర్చుని చూస్తున్నారు. అంతే కాదు. నీళ్ళు అందకపోతే కాలువ ఆఫీసుకు పోయి ఆ ఫోటో చూపిస్తున్నారు. ఇదిగో ఫలానా రోజు, పది గంటలకు, మూడు గీతలు మునిగి ఉన్నాయి, మా మడికి ఎందుకు రాలేదు అని. ఇంతకుముందు "నీళ్ళు వదిలాం" అంటే నమ్మాల్సిందే, "వదల్లేదు" అన్నా నమ్మాల్సిందే. ఈ ఫోటో మీకెక్కడిదని ఆఫీసులో అడిగితే, లైబ్రరీలో మెంబర్లం అని చెప్పారట.

చివరి ఊళ్ళలో మా వాళ్ళున్నారు, కోస్తా నుంచి వచ్చి వరి పెట్టుకున్న క్యాంపులవాళ్ళూ ఉన్నారు. మామూలుగా వీళ్ళకూ వాళ్ళకూ నీళ్ళ దగ్గర మాటామాటా వస్తుంది. ఈ ఫోటో విషయంలో మాత్రం అందరూ ఒక్కటై ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఫోటో కింద కిటికీ మాట, నీళ్ళ మాట ఎవరూ రాయకూడదు. రాస్తే పైఊళ్ళలో మోటార్లు వేసి తోడుకునేవాళ్ళకు తెలుస్తుంది, ఎవరో వచ్చి కిటికీకి రేకు కొట్టేస్తారు. కాబట్టి ఒట్టి బొటనవేలు నొక్కాలి, పువ్వు పెట్టాలి, దండం పెట్టాలి. ఎందుకంటే బొటనవేళ్ళు పడకపోతే సారు ఫోటో ఆపేస్తాడేమో. ఇంటికి ఎన్ని సెల్లులుంటే అన్నీ నొక్కాలి. ముసలివాళ్ళ చేత కూడా నొక్కించేవాళ్ళు.

ఇది సారుకు చెప్పాలి కదా. చెప్పలేదు. మొదట చెప్పనిది నా పని కోసం. బొటనవేళ్ళుంటే గది ఉంటుంది, గది ఉంటే నేను ఉంటాను. రెండోది తమ్ముడి మడి కోసం. మూడోది చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గే. ఆ మనిషి అంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. పొద్దున ఊడ్చడానికి నేను పోయేసరికే వచ్చి మెట్టు మీద కూర్చుని రాసుకుంటూ ఉండేవాడు. కూనిరాగం తీసేవాడు. ఇంట్లో కూడా ఆయన ముందే కాఫీ పెట్టేస్తున్నాడని భార్య నాతో అని ఆశ్చర్యపోయింది.

నేను చేసిందల్లా సున్నంతో నేల మీద నాలుగు చుక్కలు పెట్టడం. కుర్చీ నాలుగు కాళ్ళూ ఆ చుక్కల మీద పెడితే కూర్చున్న మనిషి పక్కకు వస్తాడు, గీతలన్నీ కనబడతాయి. ఇవేమిటక్కా అని సారు అడిగితే ముగ్గు సార్ అన్నాను. నాలుగు చుక్కల ముగ్గు ఎక్కడైనా ఉందా? ఆయన నమ్మాడు.

ఒకరోజు లావుపాటి మనిషి దొరికాడు. సిమెంటు కొట్టాయన. చుక్కల మీదే కూర్చోబెట్టినా కిటికీ మొత్తం ఆయన వీపే. ఆ రోజు బొటనవేళ్ళు పది కూడా పడలేదు. సారు చాలా బాధపడ్డాడు. సిమెంటాయన చేతిలో ఉన్న పుస్తకం జనానికి నచ్చలేదని తేల్చుకుని దాన్ని అడుగు అరలోకి తోసేశాడు. ఆ పుస్తకం ఏ పాపమూ చేయలేదు. నేను రిటైరయ్యేటప్పుడు కూడా అది అక్కడే ఉంది.

మూడు నెలలకు మంచి పుస్తకాలు అయిపోయాయి. అప్పుడు సారు సొంతంగా ఒక కథ మొదలుపెట్టాడు. రోజుకు నాలుగు వరుసలు. ఒక బర్రె కథ. హగరి రైలుగేటు దగ్గర ఒక ముసలాయన బర్రెను మేపుతుంటాడు. గేటు పడి లారీలు ఆగుతాయి. ఒక ఖాళీ ఖనిజం లారీ వెనక తలుపు తెరిచి ఉంటుంది, పక్కనే మట్టి దిబ్బ. బర్రె దిబ్బ ఎక్కి, అక్కడినుంచి లారీ ఎక్కి నిలబడుతుంది. గేటు తెరుచుకుంటుంది. లారీ సండూరు పోతుంది, బర్రె కూడా పోతుంది. డ్రైవరుకు తెలియదు. ముసలాయన వెనకాలే బస్సు ఎక్కుతాడు. రోజూ నాలుగు వరుసలంటే ఆ లారీ సండూరు కొండల ఘాటు రోడ్డు ఎక్కేసరికి నెల పట్టింది.

"ఎట్లుండాదక్కా?" అని అడిగేవాడు చదివి వినిపించి.

"బాగుండాది సార్. బర్రెకు తాగేకి నీళ్ళు పెట్టినారా?"

"రేపు పెడతాము" అని నవ్వేవాడు.

ఆరు నెలలు నిండేసరికి మా తాలూకాలో బొటనవేళ్ళు మాకే ఎక్కువ. పుస్తకాలు ఎక్కువున్న లైబ్రరీలు, కంప్యూటర్లున్న లైబ్రరీలు మా వెనకే. బళ్ళారి ఆఫీసు నుంచి మేడం వస్తోందని కాగితం వచ్చింది. గది ఉంచాలా ఎత్తేయాలా అని ఆమె కళ్ళతో చూసి రాస్తుంది. వచ్చిన రోజు పది గంటలకు ఫోటో బదులు లైవ్ పెట్టాలి. అంటే ఇక్కడ జరుగుతున్నది జరుగుతున్నట్టే అందరి సెల్లుల్లో కనబడాలి.

సారు సిరుగుప్పకు పోయి ఫ్లెక్సీ అచ్చు వేయించుకొచ్చాడు. పుస్తకాల బొమ్మలు, మేడం బొమ్మ, నడుమ బర్రె బొమ్మ. నేను ఊడ్చడానికి పోయేసరికి మేకులు కొట్టి వెనక గోడంతా పరిచేశాడు. కిటికీ దాని వెనకాలకు పోయింది.

ఆ రోజు ఏ రోజనుకున్నారు? చివరి ఊళ్ళకు నీళ్ళ వంతు మొదలయ్యే రోజు. నారుమడులు పగుళ్ళు పట్టి ఉన్నాయి. వారం నుంచి ఆ పది గంటల కోసం ఎదురు చూస్తున్నారు.

"సార్, గాలి రాదు. కిటికీ మట్టుకు ఇడిసిపెట్టు" అన్నాను.

"ఒక్క దినం గాలి ల్యాకుంటే ఏమీ కాదులే అక్కా" అన్నాడు, మేకు పళ్ళ మధ్య పెట్టుకుని.

అప్పుడు చెప్పాల్సింది.  బర్రె బొమ్మను అరచేత్తో సాపు చేస్తూ మనిషి ఎంత మురిసిపోతున్నాడో చూశాను. చెప్పలేకపోయాను. మూలకు పోయి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను.

పది గంటలకు మేడం వచ్చింది. చురుకైన మనిషి, కన్నడమే మాట్లాడుతుంది, తెలుగు సగం అర్థమవుతుంది. ఫ్లెక్సీ ముందు నిలబడి మాట మొదలుపెట్టింది. సారు సెల్లు పట్టుకున్నాడు. ఒక నిమిషం బొటనవేళ్ళు ఎగిరాయి. తరువాత రాతలు మొదలయ్యాయి. జనం ఏమంటున్నారని మేడం ఉత్సాహంగా అడిగింది. సారు గొంతు సవరించుకుని చదివాడు.

"మేడం, కొంచెం పక్కకు జరగండి."

ఆమె జరిగింది. వెనకున్న పుస్తకాల బొమ్మలు కనబడాలని అడుగుతున్నారు మేడం, అని సారు సర్దిచెప్పాడు. మళ్ళీ వచ్చింది, ఇంకా జరగండి అని. జరిగింది. ఇంకా. ఇంకా. అట్లా జరిగి జరిగి ఆమె గడప దగ్గర, చెప్పుల పక్కన నిలబడి, తన ముఖం సెల్లులో పడుతోందో లేదో తెలియకుండా చదువు గొప్పతనం గురించి చెబుతూ పోయింది. అప్పుడు, ఆ గుడ్డ తీయండి, అని రాత పడింది. సారు దాన్ని పైకి చదవలేదు. పెదాలతో చదువుకున్నాడు. ఆ వెనకాలే ఎర్రటి కోపం మొఖాలు, వడగళ్ళు పడ్డట్టు పడ్డాయి. ఇన్ని నెలలు పువ్వులు, దండాలు పెట్టిన జనం ఇదేమిటని ఆయన ఫ్లెక్సీ వైపు తిరిగి చూశాడు. బర్రె బొమ్మ నచ్చలేదేమో అన్నాడు నాతో, చిన్నగా.

అరగంటకు గట్టు మీద మోటారుబండ్ల చప్పుడు. ఇరవై బండ్లో ముప్పై బండ్లో. మేడం తలుపులోంచి చూసి, ఇంతమంది ఓదుగర్లా, అని చేతులు జోడించింది. ఓదుగర్లంటే చదివేవాళ్ళు. లైబ్రరీ పుట్టినప్పటినుంచి అంతమంది లోపలికి వచ్చిందే లేదు. అందరూ మర్యాదగా చెప్పులు విడిచారు. మేడంకు దండం పెట్టారు, సారుకు దండం పెట్టారు. పెట్టి, ఆయన అచ్చు వేయించిన ఫ్లెక్సీని కింది అంచు పట్టి పైకెత్తి, ఒకరి తరువాత ఒకరు దాని కిందకు తలలు దూర్చారు. బర్రె బొమ్మ కింద పదిమంది నడుములు మాత్రం కనబడుతున్నాయి.

"అక్కా, ఇంజనీరు మూడు వదిలినామన్నాడు. నువ్వు సూడు, నీకు బాగా తెల్సు" అని మా తమ్ముడు లోపలినుంచి పిలిచాడు.

ఏం చేయను? పోయి చూశాను. మేడం చూస్తోంది, సారు చూస్తున్నాడు, లైవ్ నడుస్తూనే ఉంది.

"రెండున్నర. మూడోది మునగల్యా" అన్నాను.

వాళ్ళు కిటికీలోంచి ఫోటోలు తీసుకుని, చెప్పులు తొడుక్కుని, కాలువ ఆఫీసుకు పోవడానికి బండ్లు తిప్పారు. క్యాంపు పెద్దాయన ఒకడు ఆగాడు. ఇంతమంది ఏ పుస్తకం కోసం వచ్చారని మేడం అడిగింది. ఆయనే మాట్లాడాడు.

"పుస్తకం సంగతి మాకు తెలవదండీ, అబద్ధం చెప్పకూడదు. ఈ గది ఎత్తేస్తారంటగా. ఎత్తేస్తే మాకు నీళ్ళొచ్చాయో లేదో చెప్పే దిక్కుండదండీ. ఆరు నెలల్నుంచీ రోజూ పదింటికి మా క్యాంపంతా ఈ లైబ్రరీలోనే ఉంటున్నాం. మనుషులం రాలేదుగాని కళ్ళన్నీ ఇక్కడే అండీ. ఏ లైబ్రరీకుంది చెప్పండి అంతమంది కాపలా?"

మేడం ముందు అర్థంకానట్టు చూసింది. కిటికీ దగ్గరికి పోయి, ఫ్లెక్సీ ఎత్తి, తూము చూసింది. సెల్లు తీసుకుని పాత ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి జరిపి చూసింది. ఆకుకూరల ముసలమ్మ, వెనక రెండు గీతలు. మాంసం కొట్టాయన, వెనక మూడు గీతలు. సిమెంటాయన, గీతలు లేవు. అప్పుడు ఆమెకు నవ్వు వచ్చింది. ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. ఆమె నవ్వుతున్నంతసేపూ సారు నేల వైపు చూస్తున్నాడు. కుర్చీ కాళ్ళ కింద నా సున్నపు చుక్కలు. వాటిని చూసి, నన్ను చూసి, సెల్లు బల్ల మీద బోర్లా పెట్టాడు.

గది నిలిచింది. ఆ ఊరి ప్రజలకు లైబ్రరీ ఎంతో అక్కరకొస్తోందని మేడం రాసింది, అందులో అబద్ధమూ లేదు. వారానికి ఇంకో కాగితం వచ్చింది. ఇకనుంచి రోజూ కిటికీ ఫోటో పెట్టాలి, సాయంత్రం ఇంకొకటి పెట్టాలి. చదివే మనిషి వీలుంటే ఉండొచ్చు, లేకపోయినా ఫరవాలేదు. కింద పొడుగు రాతలు వద్దు, ఎన్ని గీతలో రాస్తే చాలు.

సారు రాశాడు. నెలరోజులు. "రెండు." "రెండున్నర." "మూడు." రాసే ముందు అప్పుడు కూడా చేతులు కడుక్కునేవాడు. నాతో పని మాట తప్ప ఏమీ మాట్లాడలేదు. బర్రె ఘాటు మధ్యలో, లారీలో అట్లాగే నిలబడిపోయింది. నెల తరువాత ఆయనే అడిగి సండూరుకు బదిలీ చేయించుకున్నాడు. బస్సుదాకా పెట్టె నేనే మోశాను. ఆయన ఎందుకు పోతున్నాడో ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు, గెలిచిన మనిషి కదా అన్నారు.

కొత్త సారు వచ్చాడు. నేను రెండేళ్ళు చేసి దిగిపోయాను. ఇంతవరకూ నేను అనుకున్నదేమిటంటే, ఆ బొటనవేళ్ళలో ఒక్కటి కూడా సారు రాతకు పడింది కాదని. మొన్న ఈ పిల్ల ఇది రాయడానికి కూర్చుని, ఆ పేజీ తెరిచి, పాత ఫోటోల కింద జనం రాసినవి పైకి చదువుతూ పోయింది. సారు కథ ఆపేసిన రోజులవి. "మూడు" అని ఉన్నచోట, దాని కింద ఎవరో, "సరేనండి, గేదె ఏమైంది?" అని అడిగారు. మరునాడు ఇంకొకరు. ఆ పైన, "బర్రెను దింపినారా లేదా సార్?" అని మా వైపు మనిషి. క్యాంపు కోడలు ఒకామె, "మా అత్తకి కళ్ళు కనపడవు, రోజూ నేనే చదివి వినిపించాను, నీళ్ళ సంగతి తరవాత, ముందు గేదె సంగతి రాయమంటోంది" అని రాసింది. వారాలు, నెలలు అడుగుతూ ఉన్నారు. కొత్త సారుకు ఈ కథేమీ తెలియదు కదా. బర్రె తప్పిపోయినవాళ్ళు పంచాయతీలో అర్జీ ఇచ్చుకోవాలి, లైబ్రరీకి సంబంధం లేదు, అని కింద జవాబు పెట్టాడు. అయినా అడిగారు.

పిల్ల నవ్వుతూ చదివింది. నాకు నవ్వు రాలేదు. నీళ్ళు చదవడం వచ్చు గదా అని, కిటికీ వైపు చూసేవాళ్ళందరూ నీళ్ళే చూస్తున్నారని నేనే తీర్మానం చేసేశాను. కింద ఏమి రాశారో ఒక్కనాడు ఎవరి చేతా చదివించుకోలేదు. ఆయన కూడా, ఆ రోజు సెల్లు బోర్లా పెట్టినవాడు, మళ్ళీ ఆ రాతల వైపు తల తిప్పలేదు. ఒక్కసారి తిప్పి ఉంటే చాలు.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది పెద్దదేమీ లేదు. ఫోటో పెట్టేముందు వెనకాల ఏముందో చూసుకోండి. పెట్టిన తరువాత కింద ఎవరేమి అడిగారో చదవండి, చదువు వచ్చినవాళ్ళు కదా మీరు. పక్కన పనిచేసే మనిషికి తెలియనిది ఏదైనా మీకు తెలిస్తే, అతను మేకు కొట్టకముందే చెప్పండి.

సండూరులో సారు నంబరు ఈ పిల్ల ఎక్కడో సంపాదించింది. రేపు పొద్దున చేద్దాం అంటోంది. ఆయన ఎత్తితే ఏం మాట్లాడాలో నాకు తెలియదు, అందుకే ఇదే చదివి వినిపించమన్నాను. గేదెను అడిగినవాళ్ళ రాతలు ఒక్కటీ వదలకూడదు. కళ్ళు కనపడని అత్త సంగతి చదివి కొంచెం ఆగాలి.

ఏదీ, ముందు నాకు చదువు మే పిల్లా. నిదానంగా. నేను ఆపమన్న చోట ఆపు.